ఎదుటివారు పడలేని మాట: రెండు ఎయిడ్స్ ఉద్యమాలు ఒప్పించిన తీరుపై ఒక కేస్ స్టడీ

హక్కుల సంఘాలకు, రోగుల సంఘాలకు ప్రచార వ్యూహంలో శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఏ బృందంతో కూర్చున్నా కాసేపటికే ఒక వాదన మొదలవుతుంది. ముట్టడికి దిగాలని కొందరంటారు, వినతిపత్రం ఇచ్చి మాట్లాడి చూద్దామని ఇంకొందరంటారు. ఇరుపక్షాలూ తమ స్వభావాన్నే వ్యూహమని అనుకుంటాయి. కోపిష్టికి ముట్టడి నచ్చుతుంది, నెమ్మదస్తుడికి వినతిపత్రం నచ్చుతుంది. ఎదుటివాడు ఎవరు, వాడు దేనికి కదులుతాడు అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ గుర్తుండదు.

ఆ వాదన ఎంతకీ తెగనప్పుడు నేను వాళ్ల ముందు పెట్టే కేసు ఇది. న్యూయార్క్‌లో 1987లో పుట్టిన యాక్ట్ అప్ ఒకటి, కేప్‌టౌన్‌లో 1998లో పుట్టిన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ రెండోది. దీన్ని ఇకపై టీఏసీ అంటాను. రెండింటిదీ ఒకే వ్యాధి, ఒకే కోరిక. మందులు కావాలి, కొనగలిగే ధరలో కావాలి, మేం బతికుండగానే కావాలి. పైకి చూస్తే మాత్రం రెండింటి పద్ధతులకూ పొంతన కుదరదు. ఒకరు అధ్యక్షుడు రీగన్ దిష్టిబొమ్మను ఉరితీశారు, ఇంకొకరు రాజ్యాంగాన్ని చేతబట్టుకుని కోర్టు మెట్లెక్కారు.

నా వాదన ముందే చెప్పేస్తాను. ప్రతి అధికార సంస్థకూ తాను పడలేని మాట ఒకటి ఉంటుంది. మిగతా తిట్లన్నీ దులిపేసుకుంటుంది. ఆ ఒక్కటి మాత్రం తన ఉనికికే తగులుతుంది. ఈ రెండు ఉద్యమాలూ గెలిచిన చోటల్లా ఆ మాటను ముందుగా కనిపెట్టాయి, తర్వాతే దాన్ని చేతల్లో చూపాయి. గట్టిగానా మెత్తగానా అన్నది ఆ తర్వాత తేలిన సంగతి.

యాక్ట్ అప్: కోపానికి ఒక చిరునామా

1980ల నడుమ అమెరికాలో ఎయిడ్స్ బారిన పడినవారిలో ఎక్కువ మంది స్వలింగ సంపర్కులైన పురుషులు, సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవారు. అంటే సమాజం జాలి పడటానికి కూడా ఇష్టపడని మనుషులు. కొవ్వొత్తుల ఊరేగింపులు జరిగాయి, విరాళాలు వసూలయ్యాయి, సేవా సంస్థలు వెలిశాయి. ప్రభుత్వ యంత్రాంగం మాత్రం తన నడక మార్చుకోలేదు. 1987 మార్చి 10న రచయిత లారీ క్రేమర్ న్యూయార్క్‌లో చేసిన ప్రసంగం తర్వాత రెండు రోజులకు యాక్ట్ అప్ ఏర్పడింది.

అదే నెలలో ఏజడ్‌టీ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఎయిడ్స్‌కు అనుమతి పొందిన తొలి మందు అదే. దాని ధర ఏడాదికి సుమారు 10,000 డాలర్లు. మార్చి 24న యాక్ట్ అప్ తన మొదటి ప్రదర్శన జరిపింది. ఆసుపత్రి ముందు కాదు, వాల్‌స్ట్రీట్‌లో. 17 మంది అరెస్టయ్యారు. చోటు ఎంపికలోనే సగం వాదన ఉంది. రోగం గురించి మాట్లాడటానికి డబ్బు వీధికి వెళ్లారంటే, ఇది వైద్య సమస్యగా మిగలలేదని చూసేవాడికి ఒక్క మాట చదవకుండానే అర్థమవుతుంది.

ఆ మందు తయారుచేసిన బరోస్ వెల్‌కమ్ కంపెనీపై 1989లో జరిగిన రెండు చర్యలను పక్కపక్కన పెట్టి చూడమని నేను శిక్షణకు వచ్చినవారిని అడుగుతాను. ఏప్రిల్‌లో నలుగురు కార్యకర్తలు నార్త్ కరోలినాలోని కంపెనీ ప్రధాన కార్యాలయంలోకి చొరబడి, ఒక గదిలో తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ధైర్యమైన పనే. వార్త కూడా అయింది. ధర తగ్గలేదు. సెప్టెంబర్ 14న ఏడుగురు సూట్లు వేసుకుని, నకిలీ గుర్తింపు బ్యాడ్జీలు తగిలించుకుని న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి నడిచి వెళ్లారు. ప్రముఖుల బాల్కనీ కమ్మీకి గొలుసులతో తమను తాము బంధించుకున్నారు. లావాదేవీలు మొదలయ్యే గంట మోగే వేళకు చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగించారు. కింద ట్రేడింగ్ అంతస్తు మీదికి నకిలీ వంద డాలర్ల నోట్లు వెదజల్లారు. 'వెల్‌కమ్‌ను అమ్మేయండి' అన్న బ్యానరు దించారు. ఫొటోలు తీయడానికి మనుషులను కూడా తమతో లోపలికి తీసుకెళ్లారు, ఎందుకంటే ఆ హాల్లోకి విలేకరులు సులభంగా రాలేరు. కొద్ది రోజుల్లోనే కంపెనీ ధరను 20 శాతం తగ్గించింది. అప్పటికి 8,000 డాలర్లున్నది 6,400కి వచ్చింది.

రెండింటిలోనూ ధైర్యం ఒకటే, కోపం ఒకటే, కోరిక ఒకటే. మారింది వినేవాడు. కార్యాలయంలో కూర్చున్నప్పుడు వాళ్లు కంపెనీ అధికారులతో 'మీరు క్రూరులు' అన్నారు. మందుల కంపెనీ ఆ మాట పడగలదు, రోజూ పడుతూనే ఉంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో వాళ్లు వాటాదారులతో 'ఈ షేరు మీ చేతిలో ఉంటే మీకే చేటు' అన్నారు. కంపెనీ పడలేని మాట అది. బ్యానరు మీద కరుణ, న్యాయం, ప్రాణం అన్న పదాలేవీ లేకపోవడం గమనించండి. ఆ హాల్లో చెల్లుబాటయ్యే భాషలోనే ఆ బ్యానరు రాశారు. శిక్షణలో బ్యానర్లు రాయమంటే నూటికి తొంభై మంది తమ బాధ రాస్తారు. చదివేవాడికి దేనివల్ల బాధ కలుగుతుందో రాసేవారు అరుదు.

తెల్లకోటు వేసుకున్న ముట్టడి

యాక్ట్ అప్ గురించి బయట మిగిలిన ముద్ర అరుపులు, అరెస్టులే. నా దృష్టిలో ఆ సంస్థ అసలు బలం ట్రీట్‌మెంట్ అండ్ డేటా కమిటీ. ఐరిస్ లాంగ్ అనే ఔషధ రసాయన శాస్త్రవేత్త వచ్చి, సైన్సు ఓనమాలు కూడా రాని కార్యకర్తలకు మందుల పరీక్షలు ఎలా జరుగుతాయో, ఎఫ్‌డీఏ అనుమతులు ఎలా ఇస్తుందో నేర్పారు. ఆ కమిటీవాళ్లు పదకోశాలు తయారుచేసుకున్నారు, పరిశోధన పత్రాలు చదివారు, ఏ పరీక్షలో ఎవరిని చేర్చుకుంటున్నారో, ఎవరిని వదిలేస్తున్నారో పట్టికలు వేసుకున్నారు.

1988 అక్టోబర్ 11న వెయ్యి మందికి పైగా కార్యకర్తలు మేరీలాండ్‌లోని రాక్‌విల్‌లో ఎఫ్‌డీఏ ప్రధాన కార్యాలయాన్ని చుట్టుముట్టారు. అంతకు ముందే తమవారందరికీ ఎఫ్‌డీఏ పనితీరుపై పాఠాలు చెప్పుకున్నారు, చేతిపుస్తకం పంచుకున్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారిని వారి వారి ప్రాంతాల పత్రికలతో, టీవీలతో ముందుగానే కలిపారు. కాబట్టి కథ ఒక్క రాజధాని పత్రికల్లో ఆగిపోలేదు. కొందరు రక్తపు చేతి ముద్రలున్న తెల్లకోట్లు వేసుకున్నారు. కొందరు అట్టతో చేసిన సమాధి రాళ్లు పట్టుకుని నేలమీద పడుకున్నారు. ఆ రాళ్ల మీద తమ చావుకు కారణం ఏ నిబంధనో రాసుకున్నారు.

ఎఫ్‌డీఏ పడలేని మాట ఏది? 'మీరు నిర్లక్ష్యం చేస్తున్నారు' అంటే ఆ సంస్థకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నెమ్మదిగా ఉండటమే దాని ప్రతిష్ఠ. ప్రమాదకరమైన మందులు ప్రజల మీదికి రాకుండా ఆపిన చరిత్ర దానిది. 'మీ జాగ్రత్తే మమ్మల్ని చంపుతోంది' అన్న మాట మాత్రం దాని ఉనికికే గురిపెట్టింది. రోగిని కాపాడటానికి పుట్టిన సంస్థతో, రోగులే వచ్చి, మీరు కాపాడుతున్నది మమ్మల్ని కాదని చెప్పడం ఇది. పైగా ఆ చెప్పేవారి చేతిలో సాక్ష్యం ఉంది, కోరికల చిట్టా ఉంది. ప్రాణాంతక వ్యాధికి మందు పరీక్షిస్తూ సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం ఆపండి. మొదటి దశల్లో సురక్షితమని తేలిన మందులను ముందుగానే అందనివ్వండి. మహిళలను, నల్లజాతివారిని పరీక్షల్లో చేర్చుకోండి. ఇవన్నీ ఒక అధికారి సంతకంతో జరగగల పనులు.

తర్వాతి ఏడాది జూన్‌లో జాతీయ అలర్జీ, అంటువ్యాధుల సంస్థ అధిపతి ఆంథొనీ ఫౌచీ, పరీక్షల్లో చేరలేని రోగులకు సమాంతరంగా మందు అందించే పద్ధతిని బహిరంగంగా సమర్థించారు. యాక్ట్ అప్ కార్యకర్తలు క్రమంగా ప్రభుత్వ పరిశోధన కమిటీల్లో కుర్చీలు సంపాదించారు. బయట గేటు దగ్గర తిట్టిన మనిషే లోపల బల్ల దగ్గర కూర్చుని పరీక్ష నమూనా గురించి శాస్త్రవేత్తతో వాదించగలిగాడు. ఈ రెండో పని చేతకాకపోతే మొదటి పని ఒక రోజు వార్తగా మిగిలేది.

గురి తప్పిన చోటు

1989 డిసెంబర్ 10న న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్ ముందు సుమారు 4,500 మంది నిరసనకారులు గుమిగూడారు. కండోమ్‌ల గురించి బడుల్లో చెప్పడాన్ని, గర్భస్రావ హక్కును కార్డినల్ జాన్ ఒకానర్ వ్యతిరేకిస్తున్నందుకు యాక్ట్ అప్ మరో మహిళా ఆరోగ్య సంస్థతో కలిసి చేసిన పిలుపు అది. కొందరు ప్రార్థన జరుగుతుండగా లోపలికి వెళ్లారు. కేకలు వేశారు. ఒకతను ప్రసాదంగా ఇచ్చిన పవిత్ర రొట్టెను నలిపి పారేశాడు. 111 మంది అరెస్టయ్యారు. మర్నాడు కండోమ్‌ల ఊసు లేదు, బడుల ఊసు లేదు. దేశమంతా ఆ రొట్టె గురించే మాట్లాడుకుంది.

ఇది కూడా గెలుపేనని, ఎయిడ్స్ రోగుల కోపానికి అందరూ భయపడటం మొదలైంది ఆ రోజునే అని చెప్పే పాత కార్యకర్తలు ఉన్నారు. వాళ్ల మాటను నేను కొట్టిపారేయను, కానీ ఒప్పుకోను. గుడిని అవమానించారన్న మాట కార్డినల్‌ను బలహీనపరచదు, బలపరుస్తుంది. ఆయన దగ్గర తన విశ్వాసులు తప్ప మరో ప్రేక్షకులు లేరు. వాళ్లు ఆ ఉదయం నిరసనకారుల ముందే బెంచీల మీద కూర్చుని ఉన్నారు. 'అవును, మీరన్నది నిజమే' అని తలూపగల మనిషి ఆ హాల్లో ఒక్కరూ లేకుండా చేసుకున్నారు.

టీఏసీ: మా ప్రభుత్వం, మా చట్టం

టీఏసీ 1998 డిసెంబర్ 10న, మానవ హక్కుల దినాన మొదలైంది. కేప్‌టౌన్‌లోని సెయింట్ జార్జ్ కెథెడ్రల్ మెట్ల మీద హెచ్‌ఐవీ ఉన్న ఉద్యమకారుడు జాకీ అచ్మత్, మరికొందరు కూర్చుని సంతకాలు సేకరించారు. ఆ కెథెడ్రల్ వర్ణవివక్ష వ్యతిరేక పోరాటానికి ఆనవాలు. ఎదురుగా ఉన్నది శత్రు ప్రభుత్వం కాదు, నాలుగేళ్ల క్రితం ఆనందబాష్పాలతో ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వం. టీఏసీ నాయకుల్లో చాలామంది అధికార పార్టీ ఏఎన్‌సీ మనుషులే. దిష్టిబొమ్మను ఉరితీసే భాష ఇక్కడ పనికిరాదు. అలా చేస్తే సొంత ఊరివాళ్లే తలుపులు వేసుకుంటారు.

ఆ డిసెంబర్‌లోనే డర్బన్ దగ్గరి క్వామాషూలో గుగు డ్లామిని అనే మహిళ తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పినందుకు చుట్టుపక్కలవాళ్లు ఆమెను కొట్టి చంపారు. దానికి టీఏసీ ఇచ్చిన జవాబు ఒక టీషర్టు. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'హెచ్‌ఐవీ పాజిటివ్'. అంతే. వైరస్ ఉన్నవాళ్లూ వేసుకున్నారు, లేనివాళ్లూ వేసుకున్నారు. వెయ్యి మంది వేసుకున్నాక ఎవరిని వెలివేయాలో వెలివేసేవాడికి తెలియదు. 2002 డిసెంబర్‌లో కేప్‌టౌన్ శివారు ఖయేలిట్షాలోని క్లినిక్‌కు వచ్చిన నెల్సన్ మండేలా కూడా ఆ టీషర్టు తొడుక్కున్నారు.

ఇక్కడ ఒక జాకెట్టును గుర్తుచేయాలి. ఎఫ్‌డీఏ ముట్టడికి వచ్చిన కళాకారుడు డేవిడ్ వొయ్‌నరోవిచ్ వేసుకున్న జాకెట్టు వెనుక, తాను ఎయిడ్స్‌తో చనిపోతే ఖననం సంగతి మరిచిపోయి శవాన్ని ఎఫ్‌డీఏ మెట్ల మీద పడేయమని రాసి ఉంది. జాకెట్టు, టీషర్టు రెండూ ఒంటి మీద వేసుకున్న వాదనలే. జాకెట్టు ఒకే సంస్థను ఉద్దేశించింది. ఎదురుగా ఉన్నవాడిని నేరస్థుడిగా నిలబెడుతుంది, మాట్లాడేవాడిని రాబోయే శవంగా చూపుతుంది. టీషర్టు ఎవరినీ నిందించదు. పొరుగింటివాడి చూపు మార్చడం దాని పని. న్యూయార్క్‌లో ఆనాటి అడ్డంకి సంస్థల నిమ్మళం. ఖయేలిట్షాలో మందు వచ్చినా తీసుకోవడానికి క్లినిక్ గడప తొక్కలేని భయం అడ్డంకి. ఒక ఊరి వస్త్రం ఇంకో ఊరిలో పనిచేసేది కాదు. పోరాట గుర్తులను అరువు తెచ్చుకునేవారికి నేను ఈ రెండు ఫొటోలు చూపించి ఊరుకుంటాను.

టీఏసీ మెత్తని సంస్థ అనుకుంటే పొరపాటు. సభ్యుడు క్రిస్టఫర్ మొరాకా నోటిలో, గొంతులో ఫంగస్ సోకి 2000లో చనిపోయాడు. ఫ్లూకొనజోల్ అనే మాత్ర ఉంటే ఊరట దొరికేది, పేటెంటు వల్ల దాని ధర అతనికి అందలేదు. ఆ అక్టోబర్‌లో అచ్మత్ థాయ్‌లాండ్ వెళ్లి అదే మందు జనరిక్ రూపంలో 5,000 క్యాప్సూళ్లు కొని తెచ్చి, తెచ్చానని పత్రికలకు చెప్పారు. ఈ ధిక్కార ఉద్యమానికి మొరాకా పేరే పెట్టారు. చట్టం ఉల్లంఘించడమే ఇక్కడ వాదన. అక్కడ ఇంత చవకగా దొరికే మాత్ర ఇక్కడ దొరకకపోవడానికి రోగం కారణం కాదని ఒక సూట్‌కేసు నిరూపించింది. చేసిన పని, అడిగిన కోరిక ఒకటే అయిపోయాయి. దీన్ని నేను నిరసనలో అత్యుత్తమ రకంగా లెక్కిస్తాను. అడ్డగించేవాడు కోరికనే అడ్డగించినట్టవుతుంది.

నిన్నటి మిత్రుడి మీద కేసు

చవక మందులకు దారితీసే 1997 నాటి చట్టాన్ని ఆపాలని మందుల కంపెనీల సంఘం దక్షిణాఫ్రికా ప్రభుత్వంపై కేసు వేసింది. ఫిర్యాదుదారుల జాబితాలో 39 కంపెనీలు. ప్రతివాదుల్లో మొదటి పేరు దేశాధ్యక్షుడిది, కేసు వేసిన 1998లో ఆయన నెల్సన్ మండేలా. ఈ ఒక్క వాస్తవం చాలు, కంపెనీలు పడలేని మాట ఏదో వాళ్లే రాసి ఇచ్చారు. మేధో సంపత్తి హక్కుల గురించి ఎన్ని పేజీలైనా వాదించవచ్చు. 'పేద రోగుల మందు ఆపడానికి మండేలాను కోర్టుకు లాగారు' అన్న వాక్యం ముందు ఆ పేజీలు నిలబడవు. 2001 మార్చిలో టీఏసీ కోర్టు అనుమతితో కేసులో చేరింది, మందు అందక చనిపోతున్నవారి ప్రమాణపత్రాలు దాఖలు చేసింది. ప్రపంచమంతటా ఊరేగింపులు జరిగాయి. ఏప్రిల్ 19న కంపెనీలు కేసు ఉపసంహరించుకున్నాయి. కోర్టు బయట టీఏసీ కార్యకర్తలు, ప్రభుత్వ ప్రతినిధులు కలిసి ఆడిపాడారు.

నాలుగు నెలలు తిరిగేసరికి టీఏసీ అదే ప్రభుత్వాన్ని కోర్టుకు ఈడ్చింది. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ఆపడానికి నెవిరాపిన్ అనే మందు ఉంది. ప్రసవ వేళ తల్లికి ఒక మోతాదు, పుట్టాక బిడ్డకు ఒక మోతాదు. తయారీదారు అయిదేళ్లు ఉచితంగా ఇస్తానన్నా ప్రభుత్వం దాన్ని 18 ప్రయోగ కేంద్రాలకే పరిమితం చేసింది. అధ్యక్షుడు థాబో ఎంబెకీ హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న విషయాన్నే బహిరంగంగా ప్రశ్నిస్తున్న రోజులవి. ఆయన ఆరోగ్య మంత్రి ఆ తర్వాత వెల్లుల్లి, బీట్‌రూట్ సుగుణాలు కూడా వర్ణించారు.

ఈ ప్రభుత్వం పడలేని మాట ఏది? 'మీకు సైన్సు తెలియదు' అంటే, పాశ్చాత్యుల అహంకారమని తిప్పికొట్టేది. తిప్పికొట్టింది కూడా. 'మీరు మీ రాజ్యాంగాన్నే ఉల్లంఘిస్తున్నారు' అన్నప్పుడు దానికి జవాబు దొరకలేదు. ఆరోగ్య సేవలు పొందే హక్కు ఆ రాజ్యాంగం 27వ అధికరణలో ఉంది. దాన్ని రాయించుకున్నది ఈ పోరాట తరమే. టీఏసీ వైద్యుల, తల్లుల ప్రమాణపత్రాలతో పాటు ఆర్థికవేత్తలు వేసిన లెక్క కూడా చేతబట్టుకుంది. సోకిన పిల్లలకు వైద్యం చేయడం కంటే సోకకుండా ఆపడమే చవక అని ఆ లెక్క తేల్చింది. 2002 జూలై 5న రాజ్యాంగ న్యాయస్థానం ఆ మందుపై ఆంక్షలు ఎత్తేయాలని ఆదేశించింది. కోర్టు బయట కార్యకర్తలు పాడినవి వర్ణవివక్ష వ్యతిరేక పోరాటం నాటి పాటలు. మంత్రులకు అవి నోటికి వచ్చిన పాటలే.

పెద్దవాళ్లకు వైద్యం సంగతి అప్పటికీ తేలలేదు. 2003 మార్చిలో టీఏసీ శాసనోల్లంఘనకు దిగింది. కార్యకర్తలు పోలీసు స్టేషన్లకు వెళ్లి ఆరోగ్య మంత్రి మీద, వాణిజ్య మంత్రి మీద మరణాలకు కారకులంటూ ఫిర్యాదులు నమోదు చేయించబోయారు, తమను అరెస్టు చేయమని కూర్చున్నారు. మిత్రపక్షమైన కార్మిక సమాఖ్య కొసాటు ఈ ఘట్టంలో కలిసి రాలేదు. ఇది చిన్న సంగతి కాదు. గట్టి అడుగు వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెనక్కు తగ్గుతారు, టీఏసీ దాన్ని ముందే లెక్కలో వేసుకుంది. మాటలకు అవకాశం కనిపించగానే ఆందోళన ఆపింది, కొసాటుతో బంధం తెంచుకోలేదు. ఆగస్టు 8న మంత్రివర్గం చికిత్స పథకం సిద్ధం చేయమని ఆదేశించింది. అందరికీ దొరికేదాకా తాను మందు తీసుకోనని పట్టుబట్టిన అచ్మత్ ఆ తర్వాతే చికిత్స మొదలుపెట్టారు.

ఇద్దరూ కలిసిన చోటు

పోల్చడం అంటే రెండు వరుసల పట్టిక గీయడమని చాలామంది అనుకుంటారు. ఈ రెండు సంస్థల మధ్య అప్పులూ వారసత్వాలూ ఉన్నాయి. రోగికే వైరస్ గురించి, మందు గురించి నేర్పే 'చికిత్సా అక్షరాస్యత'ను టీఏసీ అమెరికా కార్యకర్తల దగ్గర నేర్చుకుంది. న్యూయార్క్‌లో ఆ చదువు శాస్త్రవేత్తతో వాదించడానికి పనికొచ్చింది. దక్షిణాఫ్రికాలో అదే చదువు ప్రాంతీయ భాషల్లో క్లినిక్ వరండాల దాకా వెళ్లి, రోగి తన తరఫున తానే మాట్లాడేలా చేసింది.

1999లో ఒక చర్యలో రెండు పద్ధతులూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. దక్షిణాఫ్రికా మందుల చట్టాన్ని మార్పించాలని అమెరికా ప్రభుత్వం వాణిజ్యపరంగా ఒత్తిడి తెస్తోంది. ఆ వ్యవహారంలో ముఖ్య పాత్ర ఉపాధ్యక్షుడు అల్ గోర్‌ది. జూన్‌లో ఆయన టెనెసీలోని తన సొంత ఊరు కార్తేజ్‌లో అధ్యక్ష పదవికి పోటీని ప్రకటిస్తుంటే, యాక్ట్ అప్ కార్యకర్తలు కెమెరాలకు కనబడేలా 'గోర్ దురాశ ప్రాణాలు తీస్తోంది' అన్న బ్యానరు ఎత్తారు. తర్వాతి సభల్లోనూ వెంటాడారు. దక్షిణాఫ్రికా నుంచి టీఏసీ ఈ పని చేయలేదు, గోర్ సభకు ఖయేలిట్షా నుంచి ఎవరూ రాలేరు. అదే విధంగా దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా కోర్టులో తల్లి ప్రమాణపత్రం ఇవ్వడం న్యూయార్క్‌వాళ్ల వల్ల అయ్యేది కాదు. ఉదారవాదిగా ఓటు అడగబోయే అభ్యర్థికి ఆ మాట మొదటి రోజే పడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. సెప్టెంబర్‌లో అమెరికా ఆ ఒత్తిడి విరమించింది. 2000 మేలో అధ్యక్షుడు క్లింటన్ ఆఫ్రికా దేశాల విషయంలో కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు.

ఎంత వాటా ఇవ్వాలి

ఏ ఉద్యమమైనా గెలుపు వచ్చాక దాన్నంతా తన ఖాతాలో రాసుకుంటుంది. కేస్ స్టడీ రాసేవాడు ఆ పని చేయకూడదు. ఎఫ్‌డీఏ ముట్టడి జరిగిన నెలలోనే ప్రాణాంతక వ్యాధుల మందులకు త్వరిత అనుమతి నియమాలు వెలువడ్డాయి. కానీ వాటి పని ముట్టడికి ముందే, అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు బుష్ కార్యదళం చొరవతో మొదలైంది. ముట్టడి ఆ నియమాలను పుట్టించలేదు. వాటిని వాడక తప్పని వాతావరణం తెచ్చింది. అలాగే 2001 ఫిబ్రవరిలో భారతీయ మందుల కంపెనీ సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఇస్తామని ప్రకటించింది. ప్రిటోరియాలో కంపెనీల కేసు విచారణకు వచ్చింది ఆ మరుసటి నెలలోనే. చవకగా తయారుచేయగల వాడొకడు ఉన్నాడని లోకానికి తెలియకపోయి ఉంటే, 'ఇంతకంటే తగ్గించలేం' అన్న కంపెనీల మాట నెగ్గేదేమో. నైతిక ఒత్తిడి పక్కన సరుకు ఉండాలి. రోగుల సంఘాలతో పనిచేసేటప్పుడు నేను దీన్ని పదేపదే అడుగుతాను. 'సరే' అని అవతలివాడు ఈరోజే ఒప్పుకుంటే, రేపు ఏ సంస్థ ఎక్కడి నుంచి ఏం తెచ్చి ఇస్తుంది?

నా చట్రంలో ఇమడని ఉదాహరణ కూడా చెప్పాలి. 2022 అక్టోబర్ 14న లండన్ నేషనల్ గ్యాలరీలో జస్ట్ స్టాప్ ఆయిల్ అనే బ్రిటన్ పర్యావరణ బృందం కార్యకర్తలు ఇద్దరు వాన్‌గో పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద టమాటా సూపు చల్లారు. చిత్రానికి అద్దం ఉంది, చట్రానికి మాత్రం నష్టం జరిగింది. కొత్త చమురు, గ్యాస్ లైసెన్సులు ఆపాలన్నది కోరిక. గ్యాలరీ లైసెన్సులివ్వదు, చిత్రానికీ చమురుకూ సంబంధం లేదు. నా లెక్క ప్రకారం ఇది కెథెడ్రల్ ఘటనకు తోబుట్టువు, జనం రొట్టె గురించి మాట్లాడినట్టే చిత్రం గురించి మాట్లాడారు. ఇద్దరికీ 2024లో జైలు శిక్షలు పడ్డాయి. అయితే అదే సంస్థ 2022 నవంబర్‌లో లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారిని స్తంభింపజేసిన తర్వాత జరిపిన సర్వే ఆధారంగా 2024లో 'నేచర్ సస్టెయినబిలిటీ' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. జస్ట్ స్టాప్ ఆయిల్ గురించి ఎక్కువగా తెలిసినవారిలో, నెమ్మదైన పర్యావరణ సంస్థ ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ పట్ల మద్దతు పెరిగిందని అందులో తేలింది. అంటే కోపిష్టి అరుపు తన పేరుకు మచ్చ తెచ్చుకుంటూనే పక్కనున్న నెమ్మదస్తుడి మాటకు విలువ పెంచవచ్చు. బ్రిటన్ లేబర్ పార్టీ కొత్త లైసెన్సులు ఇవ్వబోమన్న హామీతో 2024 ఎన్నికల్లో గెలిచింది. 2025 మార్చిలో జస్ట్ స్టాప్ ఆయిల్ తమ కోరిక నెరవేరిందంటూ వీధి చర్యలు ముగిస్తున్నట్టు ప్రకటించింది. ఆ హామీలో సూపు వాటా ఎంతో కొలిచే సాధనం నా దగ్గర లేదు.

అందుకే ఇప్పుడు బృందాలకు ఇచ్చే పనిలో ఒక మార్పు చేశాను. ముందు మామూలుగానే మూడు విషయాలు రాయమంటాను. సంతకం పెట్టగల మనిషి ఎవరు, ఆ మనిషి ఎవరి ముందు తలెత్తుకుని తిరగాలి, వాళ్ల ముందు ఏ మాట పడలేడు. తర్వాత నాలుగోది అడుగుతాను: మీరు గట్టిగా వెళ్తే లాభపడే నెమ్మదైన సంస్థ ఏది, వాళ్లతో మీకు ఫోనులో మాట్లాడుకునేంత చనువు ఉందా? టీఏసీకి ఆ నెమ్మది, ఆ గట్టిదనం ఒకే కప్పు కింద ఉండేవి. యాక్ట్ అప్‌లో అవి కలిసి ఎక్కువ కాలం మనలేదు. కమిటీల్లో కుర్చీలు దక్కినవారికి, వీధిలో మిగిలినవారికి మధ్య పొరపొచ్చాలు పెరిగి, 1992లో ట్రీట్‌మెంట్ అండ్ డేటా మనుషులు కొందరు విడిపోయి ట్రీట్‌మెంట్ యాక్షన్ గ్రూప్ పేరుతో వేరే సంస్థ పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో వీధిలో మిగిలినవారు చనిపోయిన తమవారి చితాభస్మాన్ని తెచ్చి వైట్‌హౌస్ పచ్చిక మీద చల్లారు. నాలుగో ప్రశ్నకు జవాబు రాయలేని బృందాలకు నేను ఆ 1992ని విడిగా చదవమని ఇస్తున్నాను.